నారిమన్ పాయింట్ నుంచి వర్లీకి: పెడ్డర్ రోడ్డా, కోస్టల్ రోడ్డా?

ముంబైలో నారిమన్ పాయింట్ నుంచి వర్లీకి ఏ దారి పట్టినా ముందు మెరైన్ డ్రైవ్ తప్పదు. 1915లో శంకుస్థాపన జరిగిన ఈ రోడ్డు, దాని చివరనున్న నారిమన్ పాయింట్, రెండూ బ్యాక్ బేను పూడ్చగా వచ్చినవే. ఆ పూడిక పనుల్లో అక్రమాలను బయటపెట్టిన ఖుర్షెద్ నారిమన్ పేరే ఆ చోటికి పెట్టారు. ప్రిన్సెస్ స్ట్రీట్ ఫ్లైఓవర్ దాకా సిగ్నళ్లు అందరికీ ఒకటే. అసలు తేడా అక్కడ మొదలవుతుంది.

పాత దారి చౌపాటీ, కెంప్స్ కార్నర్, పెడ్డర్ రోడ్డు మీదుగా హాజీ అలీకి దిగుతుంది. కోస్టల్ రోడ్డు మలబార్ హిల్ కింద 2.07 కిలోమీటర్ల జంట సొరంగాల్లో దూరి ప్రియదర్శినీ పార్కు దగ్గర తేలుతుంది. అక్కడి నుంచి కొత్తగా పూడ్చిన నేల మీద, వంతెనల మీద సాగుతుంది. మొత్తం 10.58 కిలోమీటర్లు, మధ్యలో సిగ్నల్ లేదు.

కారులో నేరుగా వర్లీకో బాంద్రాకో పోయేవారికి రెండో ఆలోచన అక్కర్లేదు, కోస్టల్ రోడ్డే మేలు. టోల్ కట్టాల్సింది వర్లీ నుంచి బాంద్రాకు సముద్రం మీదుగా పోయే వంతెన, సీ లింక్, ఎక్కితేనే. వేగం తిన్నని దారిలో 80, సొరంగంలో 60, మలుపుల్లో, ర్యాంపుల మీద 40 దాటకూడదు. 80 నుంచి 40కి దిగేచోటే ప్రమాదం, ర్యాంపు ఎక్కాక కాదు, ముందే తగ్గించండి. మధ్యలో దిగే చోట్లు బ్రీచ్ కాండీ దగ్గరి అమర్సన్స్ గార్డెన్, హాజీ అలీ. అవి దాటిపోతే వర్లీ దాకా పోవాల్సిందే. బైకులకూ సైకిళ్లకూ సరుకు లారీలకూ ప్రవేశం లేదు. వాళ్లకు పాత దారే గతి.

వానాకాలంలో లెక్క మారుతుంది. పాత దారిలో హాజీ అలీ దగ్గరి లాలా లజపత్ రాయ్ మార్గ్ ఒకప్పటి హార్న్‌బీ వెల్లార్డ్. బొంబాయి, వర్లీ దీవుల మధ్య గండికి గవర్నర్ విలియం హార్న్‌బీ కాలంలో, 1780ల్లో వేసిన కట్ట అది. కట్ట పడ్డాకే లోపలి ఉప్పునీటి పర్రలు ఆరి ఊరయ్యాయి. అయితే నేల ఎత్తు పెరగలేదు, పల్లం పల్లంగానే ఉంది. పెద్ద పోటు వేళ కాలువల నోళ్ల కంటే సముద్రమే ఎత్తవుతుంది. అప్పుడు హాజీ అలీ, లవ్‌గ్రోవ్ పంపింగ్ స్టేషన్లే నీళ్లు తోడాలి. జోరువాన, పోటు ఒకే వేళకు కలిస్తే ఎంత తోడినా చాలదు. అందుకే వానరోజు బయల్దేరే ముందు పోటు వేళలు చూసుకోండి. 4.5 మీటర్లు దాటే పోటుంటే, ఆ వేళకు అటూ ఇటూ పాత దారి వద్దు.

తిరుగు ప్రయాణంలో మాత్రం కోస్టల్ రోడ్డును గుడ్డిగా నమ్మొద్దు. సొరంగంలోంచి ఆగకుండా వచ్చిన కార్లన్నీ మెరైన్ డ్రైవ్ సిగ్నళ్ల దగ్గర గుమిగూడతాయి. ఉదయం ఆఫీసు వేళ అక్కడే ఆలస్యం. గిర్గావ్, గ్రాంట్ రోడ్డు వెళ్లేవారు హాజీ అలీలోనో అమర్సన్స్ దగ్గరో దిగి పాత దారి పట్టడమే నయం.

బండి లేనివారు విధాన్ భవన్ స్టేషన్‌లో మెట్రో 3 ఎక్కితే నేల కిందనుంచే వర్లీ చేరొచ్చు.