ఎయిర్ రైఫిల్‌కు రెయిలు, సైట్లు: నాలుగేళ్లు వాడాక

మా ఇంట్లోకి ఎయిర్ రైఫిల్ వచ్చి ఈ జూన్‌కు నాలుగేళ్లు నిండాయి. కొన్నప్పుడు పాపకు పన్నెండేళ్లు. నేను నల్గొండ ఎన్.జి. కాలేజీలో చదివేటప్పుడు ఎన్.సి.సి.లో పాయింట్ టూ టూ రైఫిల్ పేల్చినవాణ్నే గానీ, సొంతంగా తుపాకీకి సామాను ఎంచుకోవడం అదే మొదటిసారి. అందుకే తప్పులన్నీ వరసగా చేశాను. రైఫిల్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మన దేశంలోనే తయారైన స్ప్రింగ్ రైఫిల్, పాయింట్ వన్ సెవెన్ సెవెన్, అంటే నాలుగున్నర మిల్లీమీటర్ల పెల్లెట్. ఈ సైజులో ఇరవై జౌల్స్ లోపు బలమున్నవాటికి 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. అయినా బస్సులో హైదరాబాద్ తీసుకెళ్లేటప్పుడు బిల్లు బ్యాగులోనే ఉంచుతాను. ఎల్బీ నగర్ దాకా కండక్టర్ ఆ పొడుగు బ్యాగునే చూస్తూ ఉంటాడు.

అసలు కథ రైఫిల్ మీద బిగించిన వాటిది.

పెట్టెలో వచ్చిన ఓపెన్ సైట్లతో, అంటే అద్దాలేమీ లేని మామూలు గురి ముక్కలతో, రెండు నెలలు బాగానే గడిచింది. ఆ తర్వాత నాకు ఆన్‌లైన్ పిచ్చి పట్టింది. ఫొటోల్లో రైఫిళ్లు చూస్తే ముందుభాగం నిండా పళ్లపళ్ల రెయిళ్లు, అంటే సామాను తగిలించే పట్టీలు, వాటికి టార్చి, లేజర్, కింద రెండు కాళ్ల బైపాడ్. మనదీ అలా ఉంటే బాగుంటుంది కదా అనిపించింది. ఎడమ చెయ్యి పట్టే చోట బిగించే మూడు రెయిళ్ల హ్యాండ్‌గార్డ్ ఒకటి, బైపాడ్ ఒకటి, గురికి దూరబీను లాంటి స్కోప్ ఒకటి, ఆ స్కోప్ కూర్చోవడానికి ఒక అడాప్టర్ తెప్పించాను. అన్నీ కలిపి ఏడు వేలు దాటింది.

అడాప్టర్ ఎందుకంటే, ఎయిర్ రైఫిళ్ల మీద సాధారణంగా ఉండేది పదకొండు మిల్లీమీటర్ల డవ్‌టెయిల్, అంటే రెండు పక్కలా వాలుగా చెక్కిన గాడి. నేను కొన్న స్కోప్‌ను పట్టి ఉంచే రింగులేమో పికాటిని రెయిలుకు చేసినవి. దాని వెడల్పు ఇరవై ఒక్క మిల్లీమీటర్లు, అడ్డంగా పళ్లు ఉంటాయి. ఒకదాని మీద ఇంకొకటి కూర్చోదు. రింగులు మార్చుకుని ఉంటే సరిపోయేది. నేను మధ్యలో ఇంకో ముక్క దూర్చాను.

మొదటి వారం అంతా బ్రహ్మాండంగా ఉంది. రెండో వారం నుంచి పాప కార్డు మీద, అంటే వలయాలున్న గురి కాగితం మీద, గుండ్లు కుడివైపు పైకి పోవడం మొదలైంది. జీరోయింగ్ చేస్తే, అంటే గుండు గురి దగ్గరే తగిలేలా స్కోప్ సర్దితే, కుదిరేది, ఇరవై ముప్పై గుండ్లకు మళ్లీ అదే వరస. ట్రిగ్గర్ గుంజుతున్నావు, ఊపిరి ఆపట్లేదు, ధ్యాస లేదు అని నేను పాపను రోజూ తిట్టాను. "డాడీ, నేను కదుపుతలేను, గన్నే పక్కకు పోతుంది" అని అది మొత్తుకుంది. నమ్మలేదు. మూడు వారాలు అట్లాగే నడిచింది. ఒకరోజు అది తన నెయిల్ పాలిష్ తెచ్చి అడాప్టర్ మీద నుంచి గాడి మీదికి సన్నగా ఒక గీత గీసింది. యాభై గుండ్లు పేల్చాక చూస్తే గీత రెండు ముక్కలై ఉంది. పై ముక్క వెనక్కి జరిగింది, కొద్దిగా పక్కకు కూడా వాలింది. ఆ సాయంత్రం పాపకు సారీ చెప్పాను. అది ఏమీ అనలేదు, నెయిల్ పాలిష్ సీసా నా టేబుల్ మీద పెట్టి పోయింది.

ఎందుకు జరుగుతుందో తర్వాత అర్థమైంది. స్ప్రింగ్ రైఫిల్ కుదుపు ఒక్కవైపే ఉండదు. లోపల స్ప్రింగు తోసే పిస్టన్ ముందుకు దూకినప్పుడు రైఫిల్ వెనక్కి తంతుంది, పిస్టన్ చివర ఆగినప్పుడు మళ్లీ ముందుకు తంతుంది. ఈ రెండు దెబ్బలకు రింగులు జారతాయి, మామూలు తుపాకీ కోసం చేసిన స్కోప్‌లో అద్దాలు కూడా కదిలిపోతాయి. నేరుగా వెనక్కి జరగడం ఒక్కటే అయితే గురి పెద్దగా చెడదు, వాలితేనే ప్రమాదం. లెక్క చూడండి. రెండు రింగుల మధ్య దూరం పది సెంటీమీటర్లు అనుకుంటే, ఒక కొస మిల్లీమీటరులో పదో వంతు పక్కకు జరిగితే చాలు, మేం పేల్చే పది మీటర్ల దూరంలో గుండు సెంటీమీటరు తప్పుతుంది. పది మీటర్ల కార్డు మీద ఒక వలయానికీ ఇంకో వలయానికీ మధ్య ఎడం రెండున్నర మిల్లీమీటర్లే. అంటే నాలుగు పాయింట్లు పోయాయి. వెంట్రుక మందమంత జరిగిన దానికి నేను పిల్లను తిట్టాను.

స్కోప్‌కు ఇంకో తలనొప్పి కూడా ఉంది. చాలా స్కోపుల్లో ఫోకస్ వంద గజాలకు బిగించి వస్తుంది. పది మీటర్ల దగ్గర కార్డు మసకగా కనిపిస్తుంది, కన్ను కాస్త పక్కకు జరిపితే గురి గుర్తు కూడా జరిగినట్టు ఉంటుంది. ముందు అద్దం దగ్గర తిప్పి పది మీటర్లకు తెచ్చుకునే రకం కావాలి, పెట్టె మీద ఎయిర్‌గన్‌కు పనికొస్తుందని ఉండాలి. అడాప్టర్ వద్దు, డవ్‌టెయిల్‌కే సరిపడే ఒకే ముక్క మౌంటు, అంటే స్కోప్‌ను పట్టే బిగింపు, దాని అడుగున గాడిలోని చిల్లులో దిగే పిన్ను ఉన్నది తీసుకోండి. సరదాకు డబ్బాలు కొట్టుకునేవాళ్లకు ఇది చాలు. పోటీలకు మాత్రం ఇదీ దండగే, పది మీటర్ల ఈవెంట్‌లో స్కోప్‌ను అనుమతించరు.

హ్యాండ్‌గార్డ్ సంగతి ఇంకా ఘోరం. ముప్పావు కిలో బరువు పెరిగింది. బైపాడ్ మీద పెట్టి పేలిస్తే గుండ్లు ఒకచోట, చేత్తో పట్టుకుని పేలిస్తే ఇంకోచోట. స్ప్రింగ్ రైఫిల్‌ను వదులుగా పట్టుకుని దాని కుదుపును దానికి వదిలేయాలి, గట్టిదాని మీద ఆనిస్తే ఎగిరే తీరే మారిపోతుంది. హైదరాబాద్‌లో ఒక షూటింగ్ కోచ్ దగ్గరికి వెళ్తే ఆయన ముందు ఆ హ్యాండ్‌గార్డ్ విప్పించారు. నిలబడి పేల్చేటప్పుడు ఎడమ మోచెయ్యి నడుం ఎముక మీద ఆనాలి, అరచెయ్యి ట్రిగ్గర్ గార్డుకు దగ్గరగా ఉండాలి. అలా నిలబడితే పాప చేతికీ రైఫిల్‌కీ మధ్య రెండు అంగుళాల ఖాళీ మిగిలింది. ఆ ఎత్తుకు సరిపడా టేకు ముక్కను మా వీధి వడ్రంగి మూడు వందలకు చెక్కి ఇచ్చాడు. "దీనికి గింత బుర్ర అవసరమా సారూ" అన్నాడు. మూడేళ్లుగా అదే ఉంది. పిల్ల ఎత్తు పెరిగినప్పుడు ఒకసారి రందా పట్టించాం, అంతే.

తర్వాత కొన్నది డయాప్టర్. కంటి దగ్గర సన్నటి రంధ్రం, బారెల్ కొసన గొట్టంలో ఒక ఉంగరం. ఆ ఉంగరంలో కార్డు నల్లచుక్కను గుండ్రంగా ఇమిడ్చి పేల్చాలి. మా బారెల్ కొసన కూడా డవ్‌టెయిల్ గాడి ఉండబట్టి ముందు గొట్టం కూర్చుంది, అన్ని రైఫిళ్లకూ ఉండదు, కొనేముందు చూసుకోండి. ఇక్కడ బ్యాక్‌సైట్‌కీ (వెనక రంధ్రం) ఫోర్‌సైట్‌కీ (ముందు ఉంగరం) మధ్య దాదాపు డెబ్బై అయిదు సెంటీమీటర్లు. అందుకే వెనకది అదే మిల్లీమీటరులో పదో వంతు జరిగినా గుండు తప్పేది ఒకటిన్నర మిల్లీమీటర్ల లోపే. స్కోప్ దగ్గర నాలుగు పాయింట్లు తిన్న తప్పు ఇక్కడ అర పాయింటుతో పోతుంది.

ఉంగరం సైజు దగ్గర మళ్లీ పొరపాటు చేశాం. సన్నగా ఉంటే గురి బాగా కుదురుతుందనుకుని 3.2 మిల్లీమీటర్లది వేశాం. కార్డు మీది నల్లచుక్క 30.5 మిల్లీమీటర్లు, పది మీటర్ల నుంచి చూస్తే ఆ ఉంగరంలో దాదాపు నిండిపోతుంది. చుట్టూ తెలుపు సన్నటి దారంలా మిగులుతుంది. పాప కన్ను ఆ దారం కోసం వెతుక్కుని అలసిపోయేది, ట్రిగ్గర్ ఆలస్యమయ్యేది. 4.0 వేశాక నెల రోజుల్లో గ్రూపింగ్, అంటే గుండ్లు పడే గుంపు, దగ్గరపడింది. ఇప్పుడు 4.2 మీద ఉంది. ఉంగరాల సెట్టు మొత్తం కొనుక్కోండి, ఒక్కటే కొని మొండికేయకండి.

లోపాలు లేవని కాదు. మేం కొన్న చవక డయాప్టర్ మరలో వదులు ఉంది. రెండు క్లిక్కులు తిప్పితే ఏమీ కాదు, మూడోదానికి ఒక్కసారిగా దూకుతుంది. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే "అన్నిటికీ అంతే సార్" అన్నారు. అన్నిటికీ అంతే కాదని తర్వాత షూటింగ్ అకాడమీలో ఒకరి వాల్టర్ కంపెనీ రైఫిల్ చేతికి తీసుకున్నాక తెలిసింది. మాదాన్ని నాలుగైదు క్లిక్కులు దాటించి, మళ్లీ ఎప్పుడూ ఒకే వైపు నుంచి వెనక్కి తెచ్చుకుంటాం. అలా అలవాటైంది. నా బైఫోకల్ అద్దాలతో నాకైతే ఆ రంధ్రంలోంచి ఏమీ కనపడదు. వెలుతురు మారితే గురి మారుతుంది కూడా. మేం పేల్చేది తోటలోని రేకుల షెడ్డులో, కార్డు మీద ఒక ట్యూబ్‌లైటు, అది ఇన్వర్టర్ మీద ఉంటుంది. మే నెలలో పొద్దున ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదిలోపు ఆపేస్తాం, ఆ తర్వాత రేకుల కింద మనిషే నిలబడలేడు, ఇక గురెక్కడిది. పేల్చాక మా ఆవిడ రూలు ఒకటి: చేతులు కడుక్కోకుంట కంచం ముట్టొద్దు. పెల్లెట్లు సీసంవి కాబట్టి ఆ రూలు సరైనదే.

మరలన్నిటి మీదా నెయిల్ పాలిష్ గీతలు ఇప్పటికీ ఉన్నాయి. వారానికోసారి పాపే చూస్తుంది, నన్ను ముట్టనివ్వదు.

హ్యాండ్‌గార్డ్ షెడ్డులో మేకుకు వేలాడుతోంది, దాని పళ్లకు తాళాలు తగిలిస్తాం. స్కోప్ మాత్రం వృథా కాలేదు. మా బాపు దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతాడు. బత్తాయి తోట అవతలి గట్టు మీద కోతుల గుంపు దిగిందా లేదా అని చూసి, కనపడితే పళ్లెం కొట్టుకుంటూ పోతాడు.