పాలంపేట: గుడి దగ్గరే వెనక్కి తిరగొద్దు

పాలంపేటలోని రామప్ప గుడికి హనుమకొండ నుంచి కారు మాట్లాడుకునేవాళ్లు ఒక్క సంగతి ముందే తేల్చుకోండి: చెరువు కట్ట దాకా వస్తారా, రారా? మాకు ఫోన్లో "రామప్ప మొత్తం చూపిస్తం సార్" అన్నారు. రోజుకు 3,800 రూపాయలు, డీజిల్, డ్రైవర్ బత్తా అన్నీ అందులోనే అన్నారు. తీరా గుడి చూసి బయటికొచ్చాక, కిలోమీటరు దూరంలో ఉన్న చెరువుకు ఇంకో 800 అడిగారు. ట్రావెల్స్ అతనికి ఫోన్ చేస్తే "కట్ట మీద ఏముంటది సార్, నీళ్లే కదా" అన్నాడు. ఆ మాటకు మా నాన్నకు వచ్చినంత కోపం నేనెప్పుడూ చూడలేదు.

నాన్న నల్గొండ వైపు చెరువు కింద వరి పండించిన మనిషి. పాలంపేట పేరెత్తితే ఆయనకు ముందు గుర్తొచ్చేది చెరువే. "గుడి సూసినం, ఆ గుడికి బువ్వ వెట్టిన చెరువు సూడకుంట ఎట్ల పోతం?" అని కారెక్కనన్నాడు. ఆయన మాటలో ఎంత నిజముందో అప్పటికే శాసనం దగ్గర చూసి వచ్చాం.

గుడి ఆవరణలో చిన్న మంటపంలో ఆ శాసన స్తంభం ఉంది. 1213లో ఈ గుడి కట్టించింది రేచర్ల రుద్రుడు, కాకతీయ గణపతిదేవుడి సేనాని. గణపతిదేవుడు దేవగిరి యాదవుల చెరలో ఉన్నప్పుడు రాజ్యం చెదిరిపోకుండా కాపాడినవాడు ఆయనే. శివుడి పేరు రుద్రేశ్వరుడు, జనం నోట్లో నిలిచింది మాత్రం శిల్పిగా చెప్పుకునే రామప్ప పేరు. పక్కనున్న కొండల మధ్య కట్ట వేసి చెరువు తవ్వించిందీ ఆ రుద్రుడే. ఊరు, గుడి, చెరువు కలిపి కట్టడం కాకతీయుల పద్ధతి. పాఖాల, లక్నవరం, గణపురం చెరువులు కూడా ఈ చుట్టుపక్కలే ఉన్నాయి. ఇక్కడ పెద్ద నది పొలాల పక్కన పారదు. గుట్టల మీద పడ్డ వాననీటిని ఆపుకుంటేనే వరి. ఆ లెక్క తెలిసినవాళ్లు ఎక్కడ రెండు గుట్టలు దగ్గరికొస్తే అక్కడ కట్ట వేశారు.

గుడి గురించి చాలామంది రాశారు కాబట్టి నేను రెండు ముక్కలే చెప్తాను. పునాది గొయ్యిని ఇసుకతో నింపి దాని మీద కట్టారు, శిఖరం ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక. 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. మా ఆవిడ కూచిపూడి నేర్చుకుంది. నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు కాకతీయుల కాలపు పేరిణి నాట్యాన్ని మళ్లీ నిలబెట్టడానికి ఆధారం చేసుకున్న శిల్పాలు ఇవేనని తెలిసి స్తంభాల దగ్గరే ఉండిపోయింది. అరికాల్లో గుచ్చుకున్న ముల్లు తీయించుకుంటున్న స్త్రీ బొమ్మ దగ్గర కాసేపు ఆగండి. ఆ నొప్పి కాలివేళ్లలో కూడా కనిపిస్తుంది. నల్లరాయి నునుపు నేటికీ అద్దంలా ఉంది.

చివరికి గుడి బయట ఒక ఆటో అబ్బాయి, వెయిటింగుతో కలిపి 150కి ఒప్పుకున్నాడు. నాకు ఈ ప్రయాణంలో దొరికిన మంచి మనిషి అతనే. చెరువు కింద ఎకరం కౌలుకు చేస్తాడట, పొద్దున పొలం, మధ్యాహ్నం ఆటో. కట్టెక్కగానే నాన్న ముఖం మారిపోయింది. ఒక పక్క గుట్టలు, వాటి మధ్య నిండుగా నీళ్లు, రెండో పక్క కట్ట దిగువన కనుచూపుమేర నాట్లు పడుతున్న మడులు. తూము దగ్గర నీళ్లు సుడి తిరుగుతూ కాలువలోకి దూకుతున్నాయి. నాన్న వంగి కాలువలో చేయి పెట్టి ఒండ్రు తీసి వేళ్ల మధ్య నలిపి చూశాడు. "నల్లమట్టి కలిసింది, ఎరువు తక్కువ వేసినా పండుతది" అన్నాడు. యాసంగి (రబీ) పంటకు నీళ్లు అందుతాయా, చెరువు నిండి మత్తడి (అలుగు) ఏ నెలలో దూకుతుంది, చివరి మడి దాకా నీళ్లెవరు పంచుతారు, అన్నీ ఆ అబ్బాయిని అడిగాడు. ఎనిమిది వందల ఏళ్ల కింద వేసిన కట్ట ఇప్పటికీ అన్నం పెడుతోంది. దాన్ని "నీళ్లే కదా" అన్న ఆ ట్రావెల్స్ మనిషి మీద నాకింకా కోపం చల్లారలేదు.

భోజనం కూడా ఆ అబ్బాయే చూపించాడు. ఊళ్లో చెప్తే వండిపెట్టే ఇల్లు. మనిషికి 150. చెరువులో పట్టిన రవ్వ చేపల పులుసు, పచ్చిపులుసు, ఈ ఆయకట్టులోనే పండిన బియ్యంతో అన్నం. పులుసులో చింతపండు, మెంతి సరిగ్గా కుదిరాయి. మామూలుగా చేప ముట్టని మా అమ్మాయి కూడా మారు అడిగింది. వండిన అమ్మ "ఇంకింత పెట్టుకో బిడ్డా" అంటూ గిన్నె మా మధ్యే పెట్టేసింది. హనుమకొండలో లాడ్జి గదికి 1,900 ఇచ్చాం, శుభ్రంగా ఉంది, అంతకుమించి చెప్పడానికేం లేదు. వెయ్యిస్తంభాల గుడి, వరంగల్ కోట ముందురోజే హాయిగా చూశాం.

డ్రైవర్‌తో వాదనలో పొద్దు గడిచిపోయి గణపురంలోని కాకతీయుల నాటి కోటగుళ్లు వదులుకోవాల్సి వచ్చింది. కాబట్టి నా సలహా: ప్యాకేజీ కారు వద్దు. హనుమకొండలో ములుగు వైపు బస్సెక్కండి, జంగాలపల్లి క్రాస్ రోడ్డు దగ్గర దిగి ఆటో మాట్లాడుకోండి, గుడి, చెరువు రెండూ అని ముందే చెప్పండి. వానాకాలం నాట్ల సమయమైతే ఇంకా మంచిది. రాత్రి ఉండాలనుకుంటే చెరువు ఒడ్డున టూరిజం వాళ్ల కాటేజీలు ఉన్నాయి, బయల్దేరకముందే బుక్ చేసుకోండి. ఇంట్లో సేద్యం చేసిన పెద్దవాళ్లుంటే వాళ్లను తప్పకుండా వెంట తీసుకెళ్లండి, కట్ట మీద కనీసం రెండు గంటలు వాళ్లకు వదిలేయండి.