వేడినీళ్ల ఊళ్లో పాతిక కొంపలు

సెప్టెంబరులో ఐస్‌లాండ్ దక్షిణాన ఐదు రోజులు తిరిగాం. వచ్చినప్పటి నుంచి మా ఆవిడకీ నాకూ ఒకటే లెక్క: పాతిక కుటుంబాలు అక్కడ ఊరు కట్టుకుంటే, బయట ఏమీ కొనకుండా బతకొచ్చా?

ఈ పురుగు తొలిచింది గెస్ట్‌హౌస్‌లోనే. గది ఇరుకు, మెట్లు నిటారు. కానీ బయట వణికించే గాలి ఉంటే లోపల చొక్కా విప్పేయాలనిపించేంత వెచ్చదనం. భూమిలోంచి తోడిన వేడినీళ్లే ఇల్లంతా గొట్టాల్లో తిరుగుతాయి. ఆ దేశంలో పదిళ్లలో తొమ్మిదింటికి ఇదే ఏర్పాటు. వేడి కుళాయి తిప్పితే కుళ్లిన గుడ్డు వాసన, రెండో రోజుకి ముక్కు మర్చిపోతుంది. చన్నీళ్లు పట్టుకుని తాగేయండి, సీసాలు కొనడం దండగ.

కారు అద్దెకి తీసుకుంటే తలుపు రెండు చేతులా పట్టుకుని తెరవాలి. గాలికి మా తలుపు మెలిక తిరిగింది, బీమా వర్తించలేదు.

రేక్‌హోల్ట్‌లోని ఫ్రిద్‌హేమర్ టమాటా తోటకి మాత్రం ముందే బుక్ చేసుకుని వెళ్లండి. గాజింట్లో తీగల మధ్య కూర్చోబెట్టి టమాటా సూపు, రొట్టె పెడతారు. చారు అనుకుంటే నిరాశే, కాస్త తియ్యన. బయట చలి కొరుకుతున్నా లోపల గుత్తులు గుత్తులు. నా ఊరికి మొదటి చిల్లు పడిందీ అక్కడే. వేడి భూమి ఇస్తుంది సరే, చలికాలపు చీకట్లో దీపాలకి కరెంటు కావాలి. పూతకి పుప్పొడి మోసే బంబుల్‌బీలేమో (తేనెటీగల్లాంటి బొద్దు ఈగలు) నెదర్లాండ్స్ నుంచి పెట్టెల్లో వస్తాయి!

లోయ్‌గర్‌వాత్న్ చెరువు గట్టున పిండి గిన్నెని వేడి నల్ల ఇసుకలో పాతి, 24 గంటలకి రై అనే ధాన్యపు రొట్టె తీస్తారు. వెన్న రాసుకుని తింటే ఈ ప్రయాణంలో నా మొదటి మార్కు దానికే. పొయ్యి ఉచితం. రొట్టెకి ధాన్యం మాత్రం చాలావరకు ఓడెక్కి రావాల్సిందే. కలప సంగతి అడగొద్దు, తొలి వలసదారులు నరికిన అడవుల్లో ఎక్కువ భాగం మళ్లీ మొలవలేదు.

నా ఊహ కొత్తదేం కాదు. 1930లో సెస్సెల్యా సిగ్‌ముండ్స్‌దోత్తిర్ అనే ఆవిడ సోల్‌హేమర్ అనే ఊరు మొదలెట్టారు. వికలాంగులూ తక్కినవాళ్లూ కలిసి దాదాపు వందమంది ఉంటారు, రసాయనాలు లేని సేద్యం, గాజిళ్లు, కొవ్వొత్తుల పని. చూడ్డానికి ఓ పూట చాలు, హడావిడి లేని చోటు. అక్కడ కాఫీ తాగుతూ ఆలోచించాను, ఈ గింజలూ ఓడవే కదా అని.

పైగా కింద నేల నమ్మకమైనది కాదు. 2023 నవంబరులో అగ్నిపర్వతం పేలుతుందన్న భయంతో గ్రిండవిక్ అనే ఊరి జనం, దాదాపు 3,700 మంది, రాత్రికి రాత్రే ఇళ్లు వదిలారు.

అయినా కాగితం మీద ఊరు పెరుగుతూనే ఉంది. బంగాళాదుంప, గొర్రె మాంసం, పెరుగులాంటి స్కిర్‌తో గడిపేద్దామన్నాను. మా ఆవిడ కందిపప్పు, చింతపండు, బియ్యం దగ్గర పెన్ను ఆపి, "ముందు మీరెళ్లండి, ఒక చలికాలం గడిచాక ఫోన్ చెయ్యండి" అంది.