రేగడి చేన్ల ఫెన్సింగ్ వేయిస్తున్నరా, గుంత కొలవకుండ పైసలియ్యకుండ్రి

ఆదిలాబాద్, జైనథ్, బేల దిక్కు రైతులకు, పెన్‌గంగ అవతల మహారాష్ట్రల ఉన్న మనోళ్లకు గూడ చెప్తున్న. అడవిపందుల బాధ పడలేక పత్తి చేను చుట్టు జాలి వేయిద్దామని ఓ కాంట్రాక్టర్‌కు అడ్వాన్స్ ఇచ్చినం, పోల్‌కు రెండున్నర ఫీట్ల లోతు అని మాట. బాపు చేన్ల లేనప్పుడు ఫీటు లోతుకే నిలబెట్టి, పైపైన వెడల్పుగ సిమెంట్ మాలు పోసి సాపు చేసిండ్రు, చూస్తే మస్తు గట్టిగ కనవడ్డది. వానలు పడంగనే సగం వంగినయ్, కొన్నైతే పైకి లేసినయ్, తవ్వితే అసలు సంగతి బయటవడ్డది.

అడిగితే చలికి లేసినయ్ అంటడు. శుద్ధ అబద్ధం. లడఖ్ అసొంటి జాగల భూమిల నీళ్లు గడ్డకట్టి స్తంభాలను లేపుతయ్, అందుకే అక్కడ గడ్డకట్టే లోతు దాటేదాక తవ్వుతరు. మనకాడ డిసెంబర్ల ఎంత చలి పెట్టినా భూమి గడ్డకట్టది. ఇక్కడ లేపేది నల్లరేగడే, నీళ్లు తాగి ఉబ్బుతది, ఎండకాలం నెర్రెలిచ్చి పోల్‌ను ఇడిసిపెడ్తది. సిమెంట్ గడ్డ పైన వెడల్పు కింద సన్నం ఉంటే ఉబ్బిన మన్ను దాని కిందికెల్లి పట్టి లేపుడు ఇంకింత అల్కగైతది.

అందుకే రేగడిల గుంత అడుగున వెడల్పు, పైకి సన్నం ఉండాలె, ఏడు ఫీట్ల పోల్ అయితే రెండున్నర ఫీట్లకు తక్కువ ఒప్పుకోకుండ్రి, ఇంకింత లోతైతే ఇంకా మంచిది, మాలు పైభాగం నీళ్లు జారిపోయేటట్టు వాలు పెట్టియ్యుండ్రి. మొరం ఉన్న ఎర్ర చెల్కల రెండు ఫీట్లు తీసి రాళ్లు కూరి దిమ్మీస కొడితే నిలవడ్తది. ఏటి ఒడ్డు ఇసుక నేలల అట్ల కాదు, అంచులు కూలుతయ్, లోతు వెడల్పు రెండూ పెంచి కాంక్రీటే పొయ్యాలె. మూల పోల్స్‌కు రెండు దిక్కుల సపోర్ట్ పోల్ లేకుంటే తీగ గుంజంగనే లోపలికి వాల్తయ్. ఇంకోటి, చలికాలం కాంక్రీట్ మెల్లగ గట్టిపడ్తది, వారమన్న తడి గోనెసంచులు కప్పినంకనే తీగ గుంజనియ్యుండ్రి.

మాలు పొయ్యకముందే ప్రతి గుంతల టేప్ పెట్టి ఫోటో తీసుకోండ్రి, లోతు కాయితం మీద రాయించుకోండ్రి, సగం పైసలు మొదటి పెద్ద వాన అయినంకనే ఇస్తమని ముందే మాట్లాడుకోండ్రి. మేమైతే బాకీ ఆపినం, వంగినయన్ని పీకి మా ముంగట మళ్ల పాతేదాక ఒక్క రూపాయి ఇయ్యం.