నీడబొమ్మ కొంటే ఏది మేలు: హాలో-కటా, అతికించిందా?

నీడబొమ్మంటే మనిషి పక్కవాటు రూపాన్ని నల్లటి ఆకారంగా చూపే పాతకాలపు కాగితపు బొమ్మ, ఇంగ్లీషులో సిల్హౌట్. అమెరికాలో పాత వస్తువుల సంతలకు వెళ్లే మనవాళ్లు వీటి గురించి నన్ను మళ్లీ మళ్లీ అడిగేది ఇదే. తెల్లకాగితంలోంచి తల ఆకారాన్ని కోసి తీసేసి, వెనక నల్లగుడ్డ పెట్టిన హాలో-కట్ కొనాలా? నల్లకాగితాన్ని కత్తిరించి అట్టకు అతికించింది కొనాలా?

అతికించిన వాటిలో అగస్త్ ఎడువార్‌కి సాటి లేదు. ఈ ఫ్రెంచి కళాకారుడు 1839 నుంచి పదేళ్లు అమెరికా ఊళ్లు తిరిగి, నిలువెత్తు మనుషుల్ని కేవలం చూసి కత్తిరించాడు. కాగితం మడిచి కోసి, రెండో ప్రతి తన ఆల్బమ్‌లో పేరూ తేదీతో దాచుకునేవాడు. బొమ్మ ఎవరిదో తెలియాలనుకునేవాళ్లు ఇటే వెళ్లాలి. డబ్బు మాత్రం గట్టిగానే పెట్టాలి.

హాలో-కట్ అంటే ‘యంత్రం పనేగా’ అని పెదవి విరుస్తారు. అది సగమే నిజం. ఫిలడెల్ఫియాలో చిత్రకారుడు చార్లెస్ విల్సన్ పీల్ నడిపిన మ్యూజియంలో 1802 నుంచి ఫిజియోనోట్రేస్ అనే యంత్రం ముఖరేఖను కాగితం మీద నొక్కి గీసేది. ఆ గీత వెంట కత్తెర నడిపింది మోజెస్ విలియమ్స్, పీల్ ఇంట్లోనే బానిసగా పెరిగి స్వేచ్ఛ పొందిన మనిషి. ఊరూరా తిరిగి నీడబొమ్మలు చేసిన విలియం బేచ్ కూడా యంత్రం వెంటబెట్టుకునే వెళ్లాడు. యంత్రానికి నుదురు, ముక్కు, గడ్డం తెలుసు. కనురెప్పలు, మెడ మీది జుట్టు వంకీలు కత్తెర పని. ఇందులో వెంట్రుక అంటే కాగితం కాదు, కాగితంలో సన్నటి సందు. కత్తెర కాస్త జారిందా, తీసేసిన కాగితం మళ్లీ రాదు. నాకు తీర్పు చెప్పేది ఈ జుట్టే. భూతద్దం పెట్టి చూడండి: వంకీ కొస దారంలా సన్నబడి ఆగిందంటే చెయ్యి తిరిగినవాడి పని. మొద్దుగా తెగితే వదిలేయండి.

అతికించిన వాటిలో అమెరికా కళాకారుడు విలియం హెన్రీ బ్రౌన్‌వి కూడా మంచివే, దొరికితే. బంగారు రంగు అద్దినవి నాకెక్కవు.

నేను పోయిన నెల హాలో-కటే తెచ్చుకున్నా. ఎవరో ఆవిడ, పేరు లేదు, మెడ మీద రెండు వంకీలు. వెనక గుడ్డ బదులు నిగనిగలాడే కొత్త నల్ల అట్ట ఉందని ఇంటికొచ్చి ఫ్రేము విప్పాకే చూశా. కోత మాత్రం ఎక్కడా చిరగలేదు. ఆ అట్ట తీసేసి, వెలిసిన పాత నల్లపట్టు ముక్క కోసం వెతుకుతున్నా.