ఎల్లిస్ దీవి, వదినగారి తాతమ్మ, నా 84 డాలర్లు

ముందే చెప్తున్నాను. న్యూయార్క్ బ్యాటరీ పార్కు దగ్గర సబ్‌వే మెట్లెక్కి బయటికి రాగానే, మెడలో కార్డు వేసుకున్న మనిషి "ఎల్లిస్ ఐలాండ్, క్యూ లేదు" అంటూ ఎదురొస్తే ఆగకండి. మేం ఆగాం. మనిషికి 42 చొప్పున 84 డాలర్లు పోయాయి.

మేం అంటే నేనూ, మా వదినగారూ. వదినగారంటే మా అబ్బాయి అత్తగారు, అమెరికా యూదురాలు. వియ్యపురాళ్లు ఒకరినొకరు ఏమని పిలుచుకుంటారని పెళ్లిలో అడిగితే "వదినా" అని నేర్పాను. ఇక వదల్లేదు. ఆవిడ అమ్మమ్మ ఆరేళ్ల పిల్లగా 1910లో తల్లితో (అంటే వదినగారి తాతమ్మతో), తమ్ముడితో ఓడలో ఇక్కడికొచ్చింది. అప్పట్లో వలస వచ్చినవాళ్లని ఆపి తనిఖీ చేసి పంపింది ఈ ఎల్లిస్ దీవిలోనే. మూడేళ్ల ముందే వచ్చి స్థిరపడ్డ తండ్రి రేవుకి రాలేదు. ఆ తర్వాత ఆయన ఊసు ఇంట్లో ఎవరూ ఎత్తలేదట. నేనేమో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో 31 ఏళ్లు ఈసీలు తీసినదాన్ని. కాగితం ఎక్కడున్నా లాగుదాం పదండి అన్నాను.

ఆ కార్డు మనిషి మమ్మల్ని వ్యానెక్కించి ఇంకెక్కడో రేవుకి పంపాడు. పడవ బయల్దేరింది, లిబర్టీ విగ్రహం చుట్టూ తిరిగింది, ఎల్లిస్ దీవి ఎర్ర ఇటుకల భవనం ఎదురుగా కాసేపు నెమ్మదించింది. దిగడానికి బ్యాగు సర్దుకుని లేచి నిలబడ్డాను. పడవ వెనక్కి తిరిగింది! "ఇది చూసే టూర్ మాత్రమేనండీ" అన్నాడు పడవ కుర్రాడు. టిక్కెట్టు వెనక ఉందట, చీమ తలకాయంత అక్షరాల్లో. దస్తావేజుల్లో చిన్న అక్షరాలు చదివి జీతం తీసుకున్న నేను ఇది చదవలేదు. వదినగారు సాయంత్రం దాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు. హోటల్‌కి వెళ్తే అక్కడా అంతే. రాత్రికి 139 డాలర్లని బుక్ చేసిన గదికి రోజుకి 30 'సౌకర్యాల రుసుము' అని కలిపారు. సౌకర్యం అంటే రెండు నీళ్ల సీసాలు.

అసలు టిక్కెట్లు అమ్మేది అదే పార్కులో ఉన్న క్యాజిల్ క్లింటన్ అనే గుండ్రటి రాతి కోటలో. మా వయసు వాళ్లకి పాతిక డాలర్లలోపే, రెండు దీవులూ అందులోనే. ఎల్లిస్ దీవి 1892లో తెరిచారు. అంతకుముందు, 1855 నుంచి 1890 దాకా, వలస వచ్చినవాళ్లని దింపింది ఈ కోటలోనే. రేవులో దొంగ టిక్కెట్లు, దొంగ బసలు అంటగట్టే దళారుల నుంచి కొత్తవాళ్లని కాపాడ్డం కూడా అది పెట్టడానికి ఒక కారణం. 170 ఏళ్లవుతోంది, దళారులు గేటు బయటే ఉన్నారు.

మర్నాడు గురువారం 16వ వీధిలోని సెంటర్ ఫర్ జ్యూయిష్ హిస్టరీకి వెళ్లాం. వంశవృక్షాల విభాగంలో పైసా తీసుకోలేదు. అక్కడి అమ్మాయి మొదట మా భ్రమ ఒకటి పోగొట్టింది. ఎల్లిస్ దీవిలో గుమాస్తాలు పేర్లు మార్చేశారని వదినగారింట్లో అందరూ నమ్ముతారు. కానీ జాబితా రాసేది ఓడ బయల్దేరిన రేవులోనే. ఇక్కడివాళ్లు దాన్ని పట్టుకుని ప్రశ్నలడిగేవారంతే. అందుకే ఇంటిపేరుని ఇప్పటి స్పెల్లింగుతో కాకుండా ఎలా పలికితే అలా వెతకాలంది. అలా వెతికే సాధనం ఒకటి ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది. తయారుచేసింది స్టీఫెన్ మోర్స్, ఇంటెల్ 8086 అనే కంప్యూటర్ చిప్పుని రూపొందించినాయనే. మా అబ్బాయికి ఫోన్ చేసి చెప్తే నమ్మలేదు.

నాలుగో స్పెల్లింగుకి తాతమ్మ దొరికింది. వదినగారు ఆ పేజీ ప్రింటు తీసుకుని లేవబోతుంటే ఆ అమ్మాయి ఆపింది. ఓడ జాబితా చివర ఇంకో పట్టీ ఉంటుందట, ఆపి ఉంచినవాళ్లది. మొగుడో చుట్టమో వచ్చి తీసుకెళ్లేదాకా ఒంటరి ఆడవాళ్లని దీవి దాటనిచ్చేవారు కాదు. చూస్తే అందులో తాతమ్మ ఉంది. కారణం: భర్త కోసం. విడుదల: రివింగ్టన్ వీధిలోని ఒక కజిన్‌కి. ఆ కజిన్ పేరు వదినగారు ఎన్నడూ వినలేదు. ఆ పక్కన మూడు సన్నటి గళ్లు: బ్రేక్‌ఫాస్ట్ 4, డిన్నర్ (అప్పట్లో మధ్యాహ్నం భోజనం) 4, సప్పర్ (రాత్రిది) 3. ఓడ కంపెనీ లెక్క కోసం పెట్టిన భోజనాలు కూడా రాసుకునేవారు.

వదినగారు ఆ 3 మీద వేలుపెట్టి కదల్లేదు. దీవిలో కోషర్ వంటిల్లు, అంటే యూదుల ఆచారం ప్రకారం వండేది, పెట్టింది 1911లో. వీళ్లొచ్చింది ఏడాది ముందు. "లెక్కలో రాశారు గానీ వదినా, తిని ఉండదు" అంది. మొదటిసారి విమానంలో నేను రెండు బన్నులతో పద్దెనిమిది గంటలు గడిపాను కాబట్టి నేనూ అదే అనుకున్నాను.

మొగుడి సంగతి ఇంకా మిగిలే ఉంది. పెళ్లాం పిల్లల్ని వదిలి పారిపోయిన యూదు మొగుళ్లని వెతకడానికి 1911లో న్యూయార్క్‌లో ఒక బ్యూరోనే పెట్టారట! యిడ్డిష్ (తూర్పు యూరప్ యూదుల భాష) పత్రికలో వాళ్ల ఫొటోలు కూడా వేసేవారట. ఆ బ్యూరో ఫైళ్లు ఈ భవనంలోనే యివో అనే యూదు చరిత్ర పరిశోధన సంస్థ దగ్గరున్నాయి. ముందుగా రాసి తెప్పించుకోవాలి. మాకు టైం చాల్లేదు.

శుక్రవారం సరైన పడవలో దీవికెళ్లాం, బాగుంది. రికార్డు కోసమే అయితే దీవి దాకా వెళ్లక్కర్లేదు, ఓడ జాబితాలు ఇంట్లో కూర్చునే ఉచితంగా చూడొచ్చు. మధ్యాహ్నం హ్యూస్టన్ వీధిలో యోనా షిమ్మెల్ అనే పాత దుకాణంలో క్నిష్ తిన్నాం. బొబ్బట్టు పూర్ణం బదులు మిరియాలు వేసిన ఆలుగడ్డ కూరి, లావుగా ఉండచేసి కాల్చినట్టుంటుంది. టీతో కలిపి ఇద్దరికీ 19 డాలర్లు. ఈ ట్రిప్పులో ఏడుపు రాని ఖర్చు ఇదొక్కటే. నేను రెండోది కట్టించుకున్నాను.

శనివారం క్వీన్స్‌లో తాతమ్మ సమాధి చూద్దామని 38 డాలర్లు పెట్టి టాక్సీలో వెళ్తే గేటుకి తాళం. శనివారం యూదులకి విశ్రాంతి రోజు, వాళ్ల శ్మశానాలు తియ్యరు. వదినగారు తాళం పట్టుకుని రెండుసార్లు లాగి, నావైపు తిరిగి, "యూదురాలిని నేను కదా, నాకు గుర్తుండొద్దూ?" అంది. వేళ్లు లెక్కపెట్టుకుని వారం చెప్పే అలవాటు నాది, నాకూ తట్టలేదు. కట్టించుకున్న క్నిష్ గేటు పక్కన అరుగు మీద చెరి సగం తిన్నాం.