వెన్నుపాము ఒత్తిడి: జి95.20 వేయాలా, ఎం50.022 వేయాలా?

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా రోగుల చార్టులు చదివి జబ్బులకు కోడ్‌లు వేసేవాళ్లకు ఈ టెన్షన్ కొత్తేమీ కాదు. డాక్టర్ నోట్‌లో ‘కార్డ్ కంప్రెషన్’ అని రెండే ముక్కలుంటాయి. అమెరికాలో వాడే రోగనిర్ధారణ కోడ్‌ల జాబితా ఐసీడీ-10-సీఎంలో దానికి దొరికేది జి95.20, అంటే కారణం చెప్పని వెన్నుపాము ఒత్తిడి. కోడ్ తప్పు కాదు, కానీ చెప్పేదీ తక్కువే. డిస్కా, గడ్డా, ఎముక పెరుగుదలా అన్నది తెలియదు.

ఎం50.022 అలా కాదు. మెడలో సి5-సి6 (ఐదో, ఆరో వెన్నుపూసలు) దగ్గర డిస్క్ సమస్య, దానివల్ల మైలోపతి, అంటే వెన్నుపాము పని దెబ్బతినడం. స్థాయి, కారణం, ఫలితం మూడూ ఒకే కోడ్‌లో ఇమిడిపోతాయి. నా ఓటు దీనికే, అయితే నోట్ అంత స్పష్టంగా ఉంటేనే. ‘మైలోపతి’ అన్న మాట డాక్టరే రాయాలి. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నాడు, నడక తూలుతోంది, రిఫ్లెక్సులు ఎక్కువగా ఉన్నాయి అని రాసి ఉన్నా, వాటిని కలిపి మనం రోగనిర్ధారణ చేయకూడదు. చేయి లాగుతోందంటే అది రాడిక్యులోపతి, అంటే వెన్ను దగ్గర నరం మొదలు దెబ్బతినడం కూడా కావచ్చు, దాని కోడ్ వేరు.

ఎంఆర్ఐలో ఒత్తిడి కనిపించిందనుకోండి. ఇన్‌పేషెంట్ అయితే రేడియాలజీ రిపోర్ట్ ఒక్కటే చూసి కోడ్ వేయకూడదు, డాక్టర్‌కు క్వెరీ, అంటే స్పష్టత కోరే ప్రశ్న పంపాలి. అది కూడా ‘మైలోపతి అని రాస్తారా?’ అన్నట్టు ఉండకూడదు. లక్షణాలు, స్కాన్ వివరాలు ముందుపెట్టి, రోగనిర్ధారణ ఏమిటని అడగాలి. జవాబు రాకపోతే జి95.20తో సరిపెట్టుకోవచ్చు, అదీ కార్డ్ కంప్రెషన్ అని డాక్టర్ రాసి ఉంటేనే.